మాజీ సైనికుల ఓపీ క్లినిక్‌కు బెజవాడ, గుంటూరుల్లో బిల్డింగు లీజుకు తీసుకోవడం: సమగ్ర మార్గదర్శి

క్లినిక్‌కు బిల్డింగు చూడాలనగానే అందరూ ముందు అడిగేది అద్దె ఎంత అని. మాజీ సైనికుల క్లినిక్‌కు అంతకంటే ముందు అడగాల్సిన మాట ఇంకొకటుంది: ఈ చిరునామాలో ఎన్నేళ్లు ఉండగలం? క్లినిక్‌కు కావలసిన అనుమతులన్నీ సంస్థ పేరుతో పాటు డోర్ నంబరుకు కూడా ముడిపడి ఉంటాయి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి దగ్గర రిజిస్ట్రేషన్, వైద్య వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్, మందుల కౌంటరు పెడితే డ్రగ్ లైసెన్సు, ఎక్స్‌రే పెడితే అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు. బిల్డింగు మారితే ఇవన్నీ మళ్లీ మొదటికొస్తాయి. డెబ్బై దాటిన మనిషి బస్సు దిగి, ఆటో ఎక్కి, అలవాటైన వీధికి వచ్చి తలుపు తాళం చూసి వెనక్కి వెళ్లడం అన్నిటికంటే పెద్ద నష్టం.

అందుకే పదకొండు నెలల అగ్రిమెంటు మీద క్లినిక్ పెట్టొద్దని మొదటే చెబుతున్నాను. కింద రాసేదంతా ఈ ఒక్క మాటను నిలబెట్టుకోవడానికే. సొంతంగా క్లినిక్ పెడుతున్న మాజీ సైనికుల సంఘాలు, ట్రస్టులను దృష్టిలో పెట్టుకుని రాశాను. మాజీ సైనికుల ప్రభుత్వ వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కు బిల్డింగు ఇవ్వాలనుకునే ఓనర్లకు పనికొచ్చేది కూడా మధ్యలో ఉంది.

మొదట: వచ్చేది ఎవరు, ఎక్కడి నుంచి

సంఘం సభ్యుల జాబితా తీసి మండలాల వారీగా విడగొట్టండి. సభ్యత్వం లేనివాళ్లు ఎక్కువమంది ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఏ వైపు ఎంతమంది ఉన్నారో అడగండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఎన్టీఆర్, కృష్ణా వేరయ్యాయి. గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల వేరయ్యాయి. మనిషి వైద్యానికి వచ్చే దారి మాత్రం మారలేదు. గుడివాడ, మచిలీపట్నం వాళ్లు ఇప్పటికీ బెజవాడే వస్తారు. నరసరావుపేట, పొన్నూరు వాళ్లు గుంటూరే వస్తారు.

జాబితాలో ఇంకో మూడు గళ్లు గీయండి: వయసు, నడక, వినికిడి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, కృత్రిమ కాలు ఉన్నవాళ్లు, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు ఎందరు? ఫిరంగుల దగ్గర, ట్యాంకుల్లో పనిచేసినవాళ్లలో చెవులు దెబ్బతిన్నవాళ్లు ఎందరు? భర్త పోయి ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు ఎందరు? బిల్డింగు ఎంపికలో సగం ఈ మూడు గళ్లే తేల్చేస్తాయి.

తర్వాత జాగా లెక్క. రోజుకు వంద మంది ఓపీ అనుకోండి. ఊళ్ల నుంచి పొద్దున బస్సుకే వస్తారు గనక మొదటి గంటన్నరలోనే సగం మంది దిగుతారు. చాలామంది వెంట భార్యో కొడుకో ఉంటారు. అంటే ఒకేసారి 75 మంది కూర్చోవాలి. కుర్చీ, కాళ్లు చాపుకునే చోటు, మధ్యలో దారి కలిపి మనిషికి 12 చదరపు అడుగులు వేసుకుంటే హాలుకే 900 పోతాయి. ముగ్గురు డాక్టర్ల గదులు 360, డెంటల్ 150, ల్యాబ్ 150, మందుల కౌంటరు, స్టోరు కలిపి 250, డ్రెస్సింగు, ఇంజెక్షన్లు, ఈసీజీ 250, ఫిజియోథెరపీ 200, బాత్రూములు 200, రికార్డులు, కంప్యూటర్లు 100, వ్యర్థాల గది 50. మొత్తం 2,610. నడవాలకు ఇరవై శాతం కలిపితే సుమారు 3,100 చదరపు అడుగులు తేలుతుంది.

ఇది గోడల మధ్య మీరు వాడుకునే జాగా. ఓనరు చెప్పే ఎస్‌ఎఫ్‌టీలో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా కలిసి ఉంటుంది. మీకు 3,100 దక్కాలంటే 4,000 అని చెప్పే పోర్షన్ చూడాలి. ఎస్‌ఎఫ్‌టీ 25 రూపాయలని నెలకు లక్ష అడిగితే, నిజంగా వాడుకునే జాగాకు మీరిచ్చేది 32 పైనే. టేపు మీరే తీసుకెళ్లండి. రెండు బిల్డింగులను పోల్చేటప్పుడు ఓనర్లు చెప్పిన అంకెలు పక్కనబెట్టి, మీరు కొలిచిన అంకెలనే పోల్చండి.

పాలీక్లినిక్‌కు ఇచ్చే ఓనర్లకు

మాజీ సైనికుల కంట్రిబ్యూటరీ హెల్త్ స్కీము, అందరూ అనేది ఈసీహెచ్‌ఎస్, 2003 ఏప్రిల్ 1న మొదలైంది. ఓపీ, డెంటల్, ల్యాబ్, మందులు పాలీక్లినిక్‌లో చూస్తారు. అంతకు మించినదానికి ఎంప్యానెల్ అయిన, అంటే స్కీము జాబితాలో ఉన్న ఆస్పత్రికి రిఫర్ చేస్తారు. ఆ ప్రాంతంలోని మాజీ సైనికుల సంఖ్యను బట్టి పాలీక్లినిక్‌లకు ఏ, బీ, సీ, డీ అని స్థాయిలున్నాయి. కావలసిన జాగా ఆ స్థాయిని బట్టే తేలుతుంది.

ప్రభుత్వం అద్దెకు తీసుకునేటప్పుడు ఓనరుతో ముఖాముఖి బేరం ఉండదు. ప్రకటన వస్తుంది, కొటేషన్లు ఇస్తారు, ఆఫీసర్ల బోర్డు వచ్చి చూస్తుంది. అడిగిన అద్దె ఆ ప్రాంతానికి సమంజసమేనని అధికారికంగా తేలాకే మంజూరు అవుతుంది. లీజు రాష్ట్రపతి పేరున రాస్తారు. ఆలస్యం తప్పదు, ఆ నెలలన్నీ బిల్డింగు ఖాళీగా ఉంచుకోగలరా అన్నది ముందే ఇంట్లో తేల్చుకోండి. ఒకసారి కుదిరాక మాత్రం ఇంత స్థిరమైన అద్దెదారు దొరకడం అరుదు. ర్యాంపు, గ్రౌండ్ ఫ్లోర్, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), పన్ను రసీదు సిద్ధంగా ఉన్న ఓనరుకు పని త్వరగా అవుతుంది.

ఏ వీధి

నియమం ఒక్కటే: ఒక బస్సు, ఒక ఆటో. మూడో బండి ఎక్కాల్సి వస్తే బీపీ మందులకు వచ్చే మనిషి నెల తప్పిస్తాడు.

బెజవాడలో సూర్యారావుపేట, గవర్నర్‌పేటలకు ఒక లాభముంది. ల్యాబులు, స్కానింగులు, స్పెషలిస్టులు అన్నీ నడిచేంత దూరంలో ఉంటాయి, బస్టాండూ దగ్గరే. కానీ బండి ఆపే చోటు లేదు, బిల్డింగులు పాతవి, సందులు ఇరుకు. మీ జాబితాలో మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వైపు వాళ్లు ఎక్కువైతే పటమట, బెంజిసర్కిల్ వైపు చూడండి, ఊళ్లోకి రాకుండానే దిగిపోతారు. నూజివీడు, ఏలూరు వైపు వాళ్లకు గుణదల, రామవరప్పాడు రింగు. నందిగామ, జగ్గయ్యపేట వాళ్లకు గొల్లపూడి, భవానీపురం. అందరికీ సమానంగా ఉండాలని ఊరి నడిబొడ్డు పట్టుకుంటే ఒక్కోసారి అందరికీ సమానంగా ఇబ్బందవుతుంది.

గుంటూరులో ముందు చూడాల్సింది రైలు పట్టాలు. బస్టాండు, కొత్తపేట ఆస్పత్రులు ఒకవైపు. అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం ఇంకోవైపు. వాన పడితే మూడు వంతెనల కింద నీళ్లు నిలిచి ఊరు రెండు ముక్కలవుతుంది. తెనాలి, పొన్నూరు, చిలకలూరిపేట నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఎక్కువైతే బస్టాండు వైపే మేలు. సత్తెనపల్లి, అమరావతి వైపు వాళ్లు ఎక్కువైతే పట్టాలు దాటి చూడండి. బ్రాడీపేటలో లైన్లు, అడ్డరోడ్లు నంబర్ల ప్రకారం ఉంటాయి గనక కొత్తవాళ్లకు చిరునామా చెప్పడం తేలిక. పెద్దవయసు వాళ్లకు అది చిన్న సౌకర్యం కాదు.

వీధిని ఆదివారం సాయంత్రం చూసి నిర్ణయించొద్దు. సోమవారం పొద్దున తొమ్మిదికి వెళ్లి గంట నిలబడండి. ఆటో గుమ్మం దాకా వస్తుందా, అంబులెన్సు తిరగడానికి జాగా ఉందా, ఎదురుగా స్కూలు బస్సులు ఆగుతాయా, అన్నీ ఆ గంటలో తెలిసిపోతాయి.

నీళ్లు ఎంతవరకు వచ్చాయి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఆ నీళ్లు చూసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తగా రంగులు వేసిన గోడ చూసి బిల్డింగు తీసుకునే బయటి ట్రస్టులకు మాత్రం చెప్పాలి.

ఓనరును ఒక్కణ్నే అడగొద్దు. పక్కనున్న కిరాణా కొట్లో, టీ కొట్లో, ఎదురింటి వాచ్‌మన్‌ను "అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ" అని అడగండి. చేత్తో గోడ మీద చూపిస్తారు. ఆ ఎత్తు కొలిచి రాసుకోండి. మీటరు బోర్డు, జనరేటరు, ఇన్సులిన్, టీకాలు పెట్టే ఫ్రిజ్ దాని కంటే పైన ఉండగలవా? లేకపోతే ఆ బిల్డింగు వదిలేయండి. సెల్లారులో జనరేటరు ఉన్న కాంప్లెక్సులో కరెంటు అవసరమైన రోజే జనరేటరు మునిగిపోతుంది.

సెల్లారు గురించి ఇంకో మాట. ప్లానులో పార్కింగుకని చూపించిన సెల్లారును చవగ్గా ల్యాబుకో ఫిజియోథెరపీకో ఇస్తామంటారు. తీసుకోవద్దు. కార్పొరేషన్ నోటీసు ఇచ్చిన రోజున మీ చేతిలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

గుమ్మం నుంచి బాత్రూము దాకా

బిల్డింగు చూడ్డానికి వెళ్లేటప్పుడు వీల్‌చెయిర్ వాడే సభ్యుణ్ని ఒకరిని, ఆయన ఒప్పుకుంటే, వెంట తీసుకెళ్లండి. ఇంజనీరు కంటే ముందు ఆయన మాటే వినండి.

మొదట రోడ్డు నుంచి గుమ్మం. వాన నీళ్లకు భయపడి మన దగ్గర పునాది మూడడుగులు లేపుతారు, అది మంచిదే. కానీ ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి ఉండాలి. అంటే మూడడుగుల ఎత్తుకు 36 అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి అయిదడుగుల చదును కావాలి. బిల్డింగు ముందు అంత జాగా ఉండదు. అందుకని మురుగు కాలవ మీదుగా రోడ్డు మీదికి నిటారుగా ఆరేడడుగుల సిమెంటు వాలు పోస్తారు. స్కూటరు ఎక్కించడానికి పనికొస్తుంది గానీ వీల్‌చెయిర్‌ను దాని మీద ఇద్దరు మనుషులు మోయాల్సిందే. పైగా కాలవ మీద కట్టినదాన్ని కార్పొరేషన్ ఎప్పుడైనా కొట్టేయొచ్చు. ర్యాంపు బిల్డింగు సొంత జాగాలో, పక్కన వదిలిన ఖాళీలో (సెట్‌బ్యాక్‌లో) మలుపు తిప్పి కట్టే వీలుందా చూడండి. వెడల్పు నాలుగడుగులు, రెండువైపులా పట్టుకునే కమ్మీలు. కడతానని ఓనరు మాటిస్తే సరిపోదు, లీజులో రాయించండి, అదయ్యాకే అద్దె మొదలవుతుందని కూడా.

తర్వాత లిఫ్టు. సూర్యారావుపేట పాత కాంప్లెక్సుల్లో తరచూ కనిపించేది ఇదీ: లిఫ్టు ఉంటుంది, దాని దగ్గరికి వెళ్లాలంటే నాలుగు మెట్లెక్కాలి. అవి దాటినా, ఎనిమిది మంది పట్టే మామూలు లిఫ్టులో ఆరున్నర అడుగుల స్ట్రెచరు పట్టదు. ఓపీకి వచ్చిన మనిషి ఛాతీ నొప్పితో కూలబడితే కిందికి దించేది ఎలా? డాక్టర్లు, డ్రెస్సింగు, ల్యాబ్, మందుల కౌంటరు గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉండాలి. అంత జాగా ఒకే అంతస్తులో దొరక్కపోతే ఆఫీసు, రికార్డులు, స్టోరు పైకి పంపండి. ఈ ఒక్క కారణానికి ఎక్కువ అద్దె ఇవ్వాల్సి వచ్చినా ఇవ్వొచ్చు.

తలుపులు 900 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. పాత ఇళ్లలో బాత్రూము తలుపు రెండున్నర అడుగులే ఉంటుంది, వీల్‌చెయిర్ వెళ్లినా చేతులు గీరుకుంటాయి. లోపల చక్రాలు తిప్పుకోవడానికి అయిదడుగుల ఖాళీ, కమోడు పక్కన గోడకు గట్టిగా బిగించిన కమ్మీ, బయటికి తెరుచుకునే తలుపు ఉండాలి. లోపల మనిషి పడిపోతే తలుపు లోపలికి తెరుచుకోదు. ల్యాబుకు ఆనుకుని ఒక బాత్రూము ఉండాలి, యూరిన్ శాంపిలు పట్టుకుని హాలు మధ్య నుంచి నడిచి రావడం ఎవరికైనా అవమానమే.

చెవులు సరిగా వినపడనివాళ్లు ఎక్కువ గనక పేర్లు పిలిస్తే కుదరదు. హాల్లో అన్ని కుర్చీలకూ కనపడేలా టోకెన్ బోర్డు పెట్టే గోడ ఉండాలి. ఒక గది మాత్రం హాలుకు దూరంగా, తలుపు మూస్తే మాటలు బయటికి రాకుండా ఉండాలి. నిద్ర పట్టకపోవడం, తాగుడు అలవాటు, సర్వీసులో చూసినవి మర్చిపోలేకపోవడం లాంటివి చెప్పుకోవడానికి వచ్చేవాళ్లకు ఆ గది. ప్లైవుడ్ పార్టిషన్ వెనక ఎవరూ నోరు విప్పరు.

యంత్రాలకు కావలసినవి కొన్ని. డెంటల్ కుర్చీకి నేలలోంచి నీళ్ల పైపు, డ్రెయిను, గాలి కంప్రెసరు కావాలి. ఫ్లోరింగు తవ్వడానికి ఓనరు ఒప్పుకోవాలి. ఎక్స్‌రే గదికి తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, సీసం రేకు వేసిన తలుపు అవసరం. నాలుగున్నర అంగుళాల గోడతో కట్టిన కొత్త బిల్డింగుల్లో అది పెద్ద ఖర్చు, అందుకని ఎక్స్‌రే బయట చేయించుకోవడమే చాలా సంఘాలకు మేలు. ఆటోక్లేవు (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం), ఏసీలు, కంప్రెసరు కలిపితే త్రీఫేజ్ కనెక్షన్ తప్పదు. మంజూరైన లోడు ఎంతో కరెంటు బిల్లు మీదే ఉంటుంది, మీ ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. సరిపోకపోతే అదనపు లోడుకు డిస్కంకు కట్టే డబ్బు ఎవరిదో ముందే తేల్చండి. విడి మీటరు లేని పోర్షన్ వద్దు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆటోక్లేవు, డెంటల్ పైపులు తొందరగా పాడవుతాయి, ఒక సీసా నీళ్లు పట్టించి పరీక్ష చేయించండి. పడమటి ఎండ పడే గదిని మందుల స్టోరుకు ఇవ్వకండి. మే నెలలో బెజవాడ ఎండకు ఆ గోడ రాత్రి దాకా చల్లారదు.

కాగితాలు

బిల్డింగు నచ్చిందంటే టోకెన్ అడ్వాన్సు ఇచ్చేయాలన్న తొందర వస్తుంది. ముందు ఇవి తెప్పించుకోండి: మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, తాజా ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఓనరు దస్తావేజు. కాంప్లెక్సు అయితే ఫైర్ ఎన్‌ఓసీ. ఆస్తి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉందేమో కూడా చూడండి, ఉంటే లీజు రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు.

ఇంటికని ప్లాను తీసుకుని కట్టిన బిల్డింగు అయితే వాడకం మారుతుంది. నివాసేతర పన్ను, కమర్షియల్ కరెంటు టారిఫ్ పడతాయి. ఆ తేడా ఎవరు కట్టాలో రాసుకోకపోతే ఏడాదిలోపే గొడవవుతుంది.

ఈసీలో తనఖా కనబడితే భయపడక్కర్లేదు, మన ఊళ్లలో లోను లేని కమర్షియల్ బిల్డింగు తక్కువ. కానీ తనఖా పెట్టాక బ్యాంకు అనుమతి లేకుండా ఇచ్చిన లీజుకు రక్షణ లేదు. ఓనరు కిస్తీలు ఆపితే బ్యాంకు బిల్డింగు స్వాధీనం చేసుకుంటుంది, రోగులతో సహా మీరు రోడ్డున పడతారు. బ్యాంకు నుంచి రాతపూర్వకంగా ఎన్‌ఓసీ తెమ్మనండి. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న లోను ఒక్కోసారి ఈసీలో కనబడదు. అందుకే అసలు దస్తావేజు చూపించమనండి. జిరాక్సు మాత్రమే చూపిస్తే అసలు ఎక్కడుందో అడగండి. తనఖాలు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా వెతికించవచ్చు.

ఇక ఓనరు ఎవరు? తండ్రి పోయిన ఆస్తి అయితే వారసులందరూ సంతకం పెట్టాలి, పెద్దన్నయ్య ఒక్కడి మాట చాలదు. కొడుకు అమెరికాలో ఉండి, ఇక్కడ బావమరిది చూసుకుంటున్న బిల్డింగులు గుంటూరు, బెజవాడల్లో ఎన్నో. అలాంటప్పుడు బావమరిది చేతిలో లీజు ఇచ్చే అధికారం స్పష్టంగా రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి. విదేశంలో రాసినదైతే ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. పన్ను కూడా మారుతుంది, అది కింద చెబుతాను.

గడువు, అద్దె

డెంటల్, ల్యాబ్, పార్టిషన్లు, వైరింగు, ఏసీలు కలిపి 27 లక్షలు పెట్టారనుకోండి. తొమ్మిదేళ్లు ఉంటే నెలకు 25 వేలు పడుతుంది. మూడేళ్లకే ఖాళీ చేయాల్సి వస్తే నెలకు 75 వేలు. పదకొండు నెలలకైతే నెలకు రెండున్నర లక్షలకు దగ్గరవుతుంది. అద్దె అయిదు వేలు తగ్గించుకోవడానికి వారాల తరబడి బేరమాడి, గడువు గురించి నోరెత్తని సంఘాలను చూస్తే బాధేస్తుంది. ఆ డబ్బు పింఛనుదారులు తలా కొంత వేసుకున్నది.

అడగాల్సింది తొమ్మిదేళ్లు. మొదటి అయిదేళ్లు ఓనరు ఖాళీ చేయమనకూడదు. మీరు మాత్రం మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. ఓనరు దీనికి సులువుగా ఒప్పుకోడు, "మా అబ్బాయి హాస్పిటల్ పెట్టుకుంటే?" అంటాడు. అతని భయం నిజమైనదే. అందుకు బదులుగా మీరు ఇవ్వగలిగింది ఏమిటో చూడండి: అడ్వాన్సు ఒక నెల ఎక్కువ, లేదా మొదటి ఏడాది మీరు కూడా కదలబోమన్న హామీ.

పెంపు దగ్గర లెక్క వేసుకుని మాట్లాడండి. నెలకు లక్ష అద్దె మీద ఏటా అయిదు శాతం పెంపైతే తొమ్మిదో ఏడు నెలకు 1,47,700 అవుతుంది. మూడేళ్లకోసారి పదిహేను శాతమైతే 1,32,250. తొమ్మిదేళ్లకు కలిపితే తేడా ఏడు లక్షల పైచిలుకు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి.

పనులు చేయించుకునే రెండు మూడు నెలలు అద్దె లేకుండా అడగండి. అనుమతులు రావడానికి పట్టే కాలం కూడా అందులో కలిసొస్తుంది.

లీజు పత్రం

ఏడాది దాటిన లీజు తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం రెండూ అదే చెబుతాయి. రిజిస్టరు కాని అయిదేళ్ల అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు మీద ఎంత అందంగా రాసుకున్నా, కోర్టులో దాని షరతులను రుజువు చేసుకోలేరు. మిమ్మల్ని నెలవారీ అద్దెదారుగానే చూస్తారు, పదిహేను రోజుల నోటీసు చాలు ఖాళీ చేయించడానికి. స్టాంపు డ్యూటీకి వెనకాడి ఎంతోమంది పడేది ఈ గోతిలోనే. సుంకం అద్దెను, గడువును బట్టి ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో లెక్క వేయించి, ఎవరి వాటా ఎంతో ముందే మాట్లాడుకోండి.

లాయరు రాసిన డ్రాఫ్టులో ఈ మాటలు ఉన్నాయో లేదో మీరే వేలు పెట్టి చదవండి.

"సదరు షెడ్యూలు ఆస్తిని ఓనరు ఎవరికి విక్రయించినను, బహుమతిగా ఇచ్చినను, పంచుకున్నను, ఈ లీజు షరతులన్నియు సదరు కొత్త యజమానికి కూడా గడువు తీరువరకు వర్తించును."

"లీజుదారు తన ఖర్చుతో అమర్చిన డెంటల్ కుర్చీ, కంప్రెసరు, ఏసీలు, పార్టిషన్లు, జనరేటరు వగైరాలు అనుబంధములో చూపినవి లీజుదారువే, ఖాళీ చేయునపుడు తీసుకొని పోవచ్చును."

"వైద్య సంబంధ రిజిస్ట్రేషన్లు, అనుమతులకు అవసరమైన సమ్మతి పత్రములు, సంతకములు లీజుదారు అడిగిన వారం రోజులలో ఓనరు ఇవ్వవలెను, బిల్డింగు ప్లాను లోపము వలన అనుమతి తిరస్కరింపబడినచో అడ్వాన్సు మొత్తము తిరిగి ఇవ్వవలెను."

మూడోదాన్ని ఎవరూ రాయించరు, అవసరం మాత్రం అందరికీ వస్తుంది. వీటితో పాటు స్లాబు లీకు, డ్రైనేజీ, లిఫ్టు, మెయిన్ వైరింగు రిపేర్లు ఓనరువని. వరదో అగ్నిప్రమాదమో వచ్చి బిల్డింగు వాడుకోలేని రోజులకు అద్దె ఉండదని. ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో అడ్వాన్సు తిరిగివ్వాలో రాయించండి. వాడకం అన్నచోట "ఆఫీసు" అని కాకుండా "ఔట్‌పేషెంట్ క్లినిక్, ల్యాబ్, ఫిజియోథెరపీ, మందుల పంపిణీ" అని విడిగా ఉండాలి.

పన్నులు

కమర్షియల్ అద్దె మీద జీఎస్టీ 18 శాతం. వైద్య సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది గనక, ఓనరుకు కట్టిన 18 శాతం మీరు వెనక్కి రాబట్టుకోలేరు. లక్ష అద్దెకు నెలకు 18 వేలు అదనపు ఖర్చే. ఓనరు జీఎస్టీలో ఉన్నాడా లేడా అన్నది బేరానికి ముందే అడగండి. అతని మొత్తం సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మందుల అమ్మకం వల్ల మీ సంస్థ జీఎస్టీలో ఉంటే మాత్రం జాగ్రత్త: 2024 అక్టోబరు 10 నుంచి, ఓనరు రిజిస్టరు కాకపోయినా ఆ పన్ను మీరే నేరుగా కట్టాలి.

నెల అద్దె 50 వేలు దాటితే సంస్థ పది శాతం టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి, దానికి ట్యాన్ నంబరు తీసుకోవాలి. ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే ఈ 50 వేల పరిమితి లేదు. మొదటి రూపాయి నుంచే 30 శాతం, దానిపై సెస్ కోయాలి. కోయకపోతే పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే. అమెరికా ఓనరు "నా చేతికి పూర్తి అద్దె రావాలి" అంటే ఆ భారం మీ మీద పడుతున్నట్టే, ఆడిటరుతో మాట్లాడాకే ఒప్పుకోండి.

తాళాలు తీసుకున్నాక

తాళాలు తీసుకున్న రోజే ప్రతి గదినీ, మీటరు రీడింగునూ ఫోటో తీసి, రెండు వైపులా సంతకాలతో లీజుకు జత చేయండి. ఆ వారంలోనే దరఖాస్తులు మొదలుపెట్టండి. ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయం. 2016 నియమాల ప్రకారం వైద్య వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్, పడకలు లేని క్లినిక్‌కూ అది ఉండాలి. వ్యర్థాలు తీసుకెళ్లే ఉమ్మడి శుద్ధి కేంద్రంతో ఒప్పందం. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల్లో వేరుచేసినవి 48 గంటలకు మించి నిల్వ ఉండకూడదు గనక, ఆ 50 చదరపు అడుగుల వ్యర్థాల గదికి బండి చేరే పక్క దారి ఉండాలి. మందులు అమ్మేట్టయితే డ్రగ్ లైసెన్సుకు కనీసం పది చదరపు మీటర్ల విడి గది, రిజిస్టరైన ఫార్మసిస్టు అవసరం. స్కానింగు పెడితే లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద విడిగా రిజిస్ట్రేషన్. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, బోర్డుకు అనుమతి కూడా.

ఈ దరఖాస్తులన్నిటిలో డోర్ నంబరు, వార్డు, వీధి పేరు లీజులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయండి. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ వాడుకలో ఉన్న వీధుల్లో లీజులోనే రెండూ రాయించండి.

లీజు తీరే తేదీని, దానికి ఏడాది ముందు తేదీని ఆఫీసు గోడ మీద రాసిపెట్టండి. సంఘం కమిటీలు రెండు మూడేళ్లకు మారతాయి, కొత్తవాళ్లకు ఆ తేదీ తెలియదు. పొడిగింపు కోరుతూ ఉత్తరం స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో, కనీసం ఆరు నెలల ముందు పంపండి. ఓనరు "చూద్దాంలెండి" అని నోటితో అంటే ఆ మరునాడే రెండో బిల్డింగు వెతకడం మొదలుపెట్టండి. కొత్త చిరునామాకు అనుమతులు వచ్చేదాకా పాతచోట ఓపీ నడవాలంటే ఆ ఆరు నెలలూ కావాలి.